మానేరు ఒడ్డున ఒక పాత బోటు

తెల్లవారకముందే అల్వాల్ వదిలితే రాజీవ్ రహదారి సాఫీగా సాగుతుంది. హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట దాటి ప్రజ్ఞాపూర్‌లో చాయ్ తాగే వేళకు ఎండ ఇంకా ముదరలేదు. కరీంనగర్ పక్కన, దిగువ మానేరు జలాశయం దగ్గర మా బావమరిది ఉంటాడు. సముద్ర తీరం నుంచి పాత మోటారు బోటు ఒకటి తెచ్చుకున్నాడు. ఇంజను ఒకసారి అందుకుంటే నాలుగుసార్లు మొరాయిస్తోంది. అడుగున చేరే నీటిని తోడే పంపు మూలుగుతుందే గాని తోడదు. కొత్త బ్యాటరీ వేసినా అదే తంతు.

నా పక్కన మా వీధి కాకా కూర్చున్నాడు. ఆర్మీలో, ఈఎంఈ విభాగంలో బండ్ల వైరింగు చేసి రిటైరైన మనిషి. తిరుమలగిరి ఈఎంఈ కేంద్రం పుణ్యాన అల్వాల్ చుట్టుపక్కల ఇలాంటి పనిమంతులు చాలామందే స్థిరపడ్డారు. కళాయి పూసిన రాగి వైరు, లగ్గులు, స్లీవులు, ఫ్యూజులు రాణిగంజ్‌లో ముందే కొని డిక్కీలో పెట్టుకున్నాం.

సిద్దిపేట దాటుతుండగా కాకా అన్నాడు: "కారు ఆగితే దిగి తోస్తం తమ్మీ. నీళ్ల నడుమ ఆగితే ఏడ దిగుతం?"

బోటు వేపచెట్టు కింద ట్రాలీ మీద ఉంది. కాకా ముందుగా మూతలన్నీ తెరిపించాడు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగునే పేరుకుంటుంది. అది పూర్తిగా పోయేదాకా ఏ వైరూ ముట్టనివ్వలేదు.

బ్యాటరీ దగ్గర మీటరు 12.6 వోల్టులు చూపింది. నిండుగా ఉందన్నమాట. పంపు వైర్లు విడదీసి, స్విచ్చి వేసి ఆ కొసల దగ్గర చూస్తే అక్కడా దాదాపు అంతే. "వైరు బానే ఉంది కద బావా" అన్నాడు మా బావమరిది. కాకా తల అడ్డంగా ఊపి పంపును మళ్లీ కలిపి ఆడించాడు. అంకె 9కి పడిపోయింది. కరెంటు పారనప్పుడు పాడైన అతుకు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. పని చేయించినప్పుడే దాని బండారం బయటపడుతుంది. పంపు లాంటి ముఖ్యమైన సర్క్యూట్లలో దారిలో పోయే వోల్టేజీ 3 శాతం మించకూడదు. 12 వోల్టులకు అది అర వోల్టు కూడా కాదు. ఇక్కడ మూడు వోల్టులకు పైనే పోతోంది.

మీటరు పట్టుకుని అతుకు తర్వాత అతుకు వెతికాం. నెగటివ్ వైపు, సీటు కింద నల్ల టేపు చుట్టిన ముడి వేలికి వెచ్చగా తగిలింది. పంపు 5 ఆంపియర్లు లాగుతుంటే 15 వాట్లకు పైగా ఆ ముడిలోనే వేడిగా పోతోంది. టేపు విప్పితే తీగల నిండా పచ్చని చిలుము. కాకా జానెడు వెనక్కి కోసి తొడుగు ఒలిచాడు, లోపలి పోగులు నల్లగానే ఉన్నాయి. ఇంకో జానెడు కోసినా నలుపే. ఉప్పునీరు పోగుల సందుల్లోంచి తొడుగు లోపలికంటా పాకింది. అందుకే ఆ వైరు మొత్తం తీసేసి కళాయి తీగ లాగాం. లగ్గులు నొక్కి, జిగురు స్లీవు తొడిగి, పాజిటివ్ వైపు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాం.

ఇంజను మొరాయింపుకూ మూలం అలాంటిదే. స్టార్టు కొడుతూ బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజను బాడీకీ మధ్య మీటరు పెడితే వోల్టున్నర చూపింది. అక్కడ అర వోల్టుకు మించి పోకూడదు. లగ్గు విప్పి గీకి, శుభ్రం చేసి బిగిస్తే ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

దిగువ మానేరు ఇరవై నాలుగు టీఎంసీల జలాశయం. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు సన్నని గీతలా కనిపిస్తుంది. అంత నీటి మీదికి మనుషులను తీసుకెళ్లే బోటుకు, లోపలికి చేరిన నీటిని బయటికి తోడే పంపే ప్రాణం. పాత బోటు కొనేవాళ్లు ఇంజను చప్పుడు విని మురిసిపోతారు. ముందు పంపు ఆడిస్తూ దాని దగ్గర మీటరు పెట్టి చూడండి. ఆ అంకె చూశాకే బేరమాడండి.