పీపానీటిలో పరీక్ష

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము మీదుగా శ్రీకాకుళమువైపు సాగు తీరమున జాలరి పల్లెలు వరుసగా కలవు. జూన్ మాసము మొదటి దినములలో ఆ పల్లెలకు పోయినవారికి ఇండ్ల నడుమనుండి మరపడవల చప్పుడు వినవచ్చును. పడవలన్నియు ఇసుకపై కదలక పడియుండగా ఈ చప్పుడెక్కడిదని క్రొత్తవారు తెల్లబోవుదురు.

తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలు వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ప్రభుత్వము ఈ కట్టడి చేసినది. పూర్వము మే నెలాఖరుతో ముగియుచుండిన గడువును 2015లో పెంచిరి. ఈ రెండు నెలలును పడవ ఇసుకపైనను, దాని ఇంజను ఇంటిలోను విశ్రమించును. పడవ వెనుక అంచునకు బిగించి, పని తీరగానే విప్పి ఇద్దరు మోసికొనిపోదగిన యంత్రమది. ఇట్టి యంత్రములను నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ అను నతడు 1909లో అమ్మకమునకు తెచ్చెను. ఎండలో సరస్సు దాటి ఐస్‌క్రీము తెచ్చుటకై తెడ్డు వేసి వేసి అలసిన దినమున అతనికి ఈ యూహ తట్టెనని ఒక కథ చెప్పుదురు. ఐస్‌క్రీము మాట యెట్లున్నను, తెడ్డు వేసిన చేతికే ఆ కష్టము తెలియును.

తాతలనాటి కొయ్య తెప్పకు ఇట్టి పరీక్ష అక్కరలేదు. దుంగలను విప్పి ఆరబెట్టి, క్రొత్త త్రాడుతో మరల కట్టిన చాలును. ఇంజను అట్టిది కాదు. రెండు నెలలు కదలకున్నచో లోపల నిలిచిన పెట్రోలు జిగురై సన్నని రంధ్రములను మూయును. ప్లగ్గుపై మసి పేరుకొనును. పంకా యిరుసునకు చుట్టుకొన్న నైలాను దారము నూనె కారకుండ కాపాడు రబ్బరును కోయును. అపుడు గేరునూనె పాలవలె తెల్లబడును. నీరు చొరబడినదనుటకు అదియే గురుతు. నిషేధము ముగియునాటికి నైరృతి గాలులు వీచుచుండును, కెరటములు లేచుచుండును. నడిసముద్రమున ఇంజను ఆగినచో పడవ గాలి పాలగును. ఇంటి ముంగిట ఆగినచో వేపచెట్టు నీడ యున్నది, పొరుగింట రెంచి యున్నది.

అయితే ఈ ఇంజనును నీరు లేక త్రిప్పరాదు. దాని క్రింది భాగమున రెక్కలు గల చిన్న రబ్బరు చక్రమొకటి కలదు. అది నీటిని పైకి తోడి, మండుచున్న సిలిండరు చుట్టును పోనిచ్చి చల్లబరచును. ఆ నీటిలో కొంత ఒక రంధ్రమునుండి సన్నని ధారగా వెలికి వచ్చును. నీరు లేనిచో రబ్బరు కొలది సేపటిలోనే కాలిపోవును. పిమ్మట పిస్టను పట్టుకొనిపోవును. అందుచే ఒక పెద్ద పీపాను నీటితో నింపి, ఇంజను నీరు పీల్చు తావు బాగుగా మునుగునట్లు అడ్డుపలకకు బిగింతురు. పంకాను ముందే ఊడదీయుదురు. పొగలోని విషవాయువు ప్రాణాంతకము గనుక ఈ పని ఆరుబయటనే చేయవలెను.

భీమునిపట్టణమునకు చేరువనున్న ఒక పల్లెలో, జూన్ 12వ తేదీ ఉదయమున, ఒక తండ్రియు కుమారుడును ఈ పనికి పూనుకొనిరి. కుళాయినుండి బిందెలతో మోసి పీపా నింపినది మాత్రము తల్లి.

"తాగడానికే నీళ్లు లేవు, దీనికి తానమా!" అని ఆమె విసుగుకొనెను. ఆ విసుగు న్యాయమైనదే. ఉప్పు కడుగవలసిన యంత్రమునకు ఉప్పునీరు పనికిరాదు మరి.

కుమారుడు త్రాడు లాగెను. మూడవమారు ఇంజను మ్రోగెను. వాని ముఖము వికసించెను. తండ్రి చూపు మాత్రము ధార రావలసిన రంధ్రముపై నుండెను. ధార లేదు. వెంటనే ఇంజను ఆపించెను. చూడగా కందిరీగ యొకటి ఆ రంధ్రమున మట్టితో గూడు కట్టినది! సన్నని తీగతో దానిని తొలగించి మరల త్రిప్పగా ధార వచ్చెను. కాని బలహీనముగా, తెగి తెగి వచ్చెను. తండ్రి మరల ఆపించి క్రింది భాగము విప్పెను. రబ్బరు చక్రమున రెండు రెక్కలు చీలి యుండెను.

"అయ్యా, నీళ్లు వస్తున్నాయి కదా! ఈ నాలుగు రోజులు దీంతో ఎళ్లి, తర్వాత మార్చుకుందాం" అని కుమారుడు బ్రతిమాలెను.

"నాలుగు రోజులు ఆగుతుందో, నాలుగు మైళ్లకే ఆగుతుందో చక్రానికి తెలీదురా" అని తండ్రి చేతులు తుడుచుకొనెను.

విశాఖపట్టణపు దుకాణమున ఆ కొలత చక్రము అయిపోయినది. 15వ తేదీకి గాని రాదనిరి. 14 అర్ధరాత్రి దాటగానే పల్లెలోని పడవలన్నియు కదలెను. మరునాడు ఒడ్డున వంజరములు, రొయ్యలు రాసులుపడెను. రెండు నెలలు పని లేక కూర్చున్న యింటికి తొలివేట యెంత విలువైనదో చెప్పనక్కరలేదు. కుమారుడు గడపపై కూర్చుండి ఇంటిలో నెవరితోను మాటాడలేదు. తండ్రియు వానిని ఓదార్పలేదు.

ఆ సాయంకాలము చక్రము వచ్చెను. ఈసారి బిందెలు మోసినవాడు కుమారుడే. ఇంజను మ్రోగగానే ధార వ్రేలి మందమున దూసికొనివచ్చి పీపా అంచునకు కొట్టుకొనెను. తండ్రి అరచేయి పట్టి చూచెను. నీరు గోరువెచ్చగా నుండెను. పిమ్మట, పడవవాడు నీట పడినచో ఇంజనును ఆపు ఎఱ్ఱని త్రాటిని తటాలున లాగెను. ఇంజను ఆగెను. పంకా మరల బిగించి, తెల్లవారుజామున తండ్రీకొడుకులిద్దరును ఇంజనును చెరియొక ప్రక్క పట్టి ఒడ్డునకు మోసికొనిపోయిరి. పడవ నీటిలోనికి జారకముందే కుమారుడు ఆ ఎఱ్ఱని త్రాటిని మణికట్టునకు కట్టుకొనెను.