నాన్న బీపీ ఎంత?

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న ఆమె చేతికి మొన్న క్లినిక్కులో మళ్లీ అదే కాగితం వచ్చింది. తండ్రికి రక్తపోటు ఉందా? ‘ఉంది’, ‘లేదు’ అని రెండే గళ్లు. ‘తెలియదు’కు చోటు లేదు. ఏటా అదే కాగితం, ఏటా అదే మంట.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేసింది.

“అక్కా, నాన్నకి బీపీ ఉండేదా?”

“ఎవరు చూశారే! తల దిమ్ముగా ఉందంటే అమ్మ మజ్జిగ ఇచ్చేది.”

52 ఏళ్లకే పక్షవాతంతో పోయారాయన.

క్లినిక్కులో ఆమెకు 148/92. డాక్టరు రెండు మాటలన్నారు: పచ్చళ్లు తగ్గించండి, మీ దక్షిణాసియావాళ్ల జన్యువులే అంత. మొదటిది సరే. ఆవకాయలో ఉప్పెంతో ఆమెకు తెలుసు. అమెరికావాళ్లు తినే ఉప్పులో 70 శాతానికి పైగా ప్యాకెట్లలోంచి, హోటళ్లలోంచి వస్తుందనీ తెలుసు. రెండో మాటే మింగుడుపడలేదు. ఏ జన్యువులు? ఎవరివి చూసి?

రక్తపోటులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 30 నుంచి 50 శాతం దాకా వారసత్వానిదే. కానీ చాలామందిలో అది ఒక్క జన్యువు చేసే పని కాదు. 2018లో 10 లక్షల మందికి పైగా జన్యువులను గాలించి, బీపీతో ముడిపడ్డ 535 కొత్త చోట్లు పట్టుకున్నారు. పాతవాటితో కలిపితే 900 దాటాయి. ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు కదిపితే గొప్ప. ఆ 10 లక్షల మందీ ఐరోపా సంతతివాళ్లే. అందులో నాన్న ఎక్కడ? 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు ఈమధ్యదే. అందులో హైదరాబాదు పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా చేయి వేసిందని తెలిసి ఆమె పొంగిపోయింది.

అయినా ఈ ఫ్రేమింగ్‌హామ్ ఊరంటే ఆమెకు గౌరవం. 1948లో మొదలైన గుండె పరిశోధనకు ఇక్కడివాళ్లు 5,209 మంది ముందుకొచ్చారు. 1971 నుంచి వాళ్ల పిల్లలు, 2002 నుంచి మనవలు. 2008లో జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లిఫ్టన్ బృందం వీళ్ల జన్యువుల్లోనే వెతికి, కిడ్నీ ఉప్పును పట్టి ఉంచుకోకుండా చేసే అరుదైన మార్పులను మూడు జన్యువుల్లో చూసింది. అవి ఉన్నవాళ్లకు బీపీ తక్కువ. పక్కింటి పెద్దాయన తండ్రి ఆ 5,209 మందిలో ఒకరట. 1950ల్లో తన తండ్రి బీపీ ఎంతో ఆయన చెప్పగలరు!

ఆమె చెప్పలేదు. ఆవకాయ రోజున కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతూ కొడుతూ, నాన్న నుదురు నొక్కుకుని కళ్లు మూసుకోవడం మాత్రం గుర్తుంది. పాదరసం బీపీ మెషిన్ వీధి చివర ఆరెంపీ దగ్గర ఉండేది. ఎవరికీ తట్టలేదు.

ఫోన్ పెట్టేముందు అడిగింది, “నువ్వు చూపించుకున్నావా అక్కా?”

“నాకేమే, రాయిలా ఉన్నా.”

మర్నాడు అక్క కొడుకు మెషిన్ కొని, ఫొటో తీసి పంపాడు. 168/102.