మా ఇంటి వెల్లుల్లి రొట్టెలు

మన తెలంగాణ పల్లెలలో రొట్టె అంటే జొన్నరొట్టెయే. చేతితో తట్టి, పెనం మీద కాల్చి, వేడివేడిగా తినేది. దానికి పొంగవలసిన పని లేదు. వండేవారికి వేచియుండవలసిన పని లేదు. పొంగిన రొట్టె, అనగా మన నగరంలో డబల్ రోటీ అని పిలుచుకొనేది, ఇంటి వంట కాదు. అది భట్టీలో కాలి, దుకాణంలో అమ్ముడుపోయి, కాగితంలో చుట్టబడి ఇంటికి వస్తుంది. 1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారు తమ రొట్టెను ఏమని పిలిచేవారో, ఆ మాటే నేటికీ 'పావు'గా మన నోట నిలిచి ఉన్నది. అక్కడ పిండిని కొబ్బరికల్లుతో పొంగించే అలవాటు ఉండేదట. మన వైపు ఈతకల్లుకు కరువు లేదు గాని, ఆ మార్గం మా ఇంట చెల్లదు.

మాది కుత్బుల్లాపూర్. జీడిమెట్ల పారిశ్రామికవాడకు పనికి వెళ్లేవారితో తెల్లవారేసరికి మా వీధి నిండిపోతుంది. వారందరూ ఇల్లు విడిచే వేళకు మా అబ్బా ఇల్లు చేరేవారు. ఇరువదియేడు సంవత్సరాలు ఆయన ఒక రొట్టెల భట్టీలో రాత్రిపని చేశారు. కనుబొమ్మల మీద, చెవుల వెనుక మైదా తెల్లగా అంటుకొని ఉండేది. చిన్నతనంలో నేను, తమ్ముడు ఆయనను చూచి నవ్వేవారము. ఆయన నవ్వేవారు కారు. ఇంట్లో మేము పిండి ముద్ద ముట్టుకొంటే మాత్రం కోపం వచ్చేది. "ఈ పిండి నా చేతులకు అంటింది చాలు. మీ చేతులకు పుస్తకం అంటనీయండి" అనేవారు. అందుచేత ఒక రొట్టెల కార్మికుని కుమార్తెనై ఉండి కూడా, పిండి ఎలా పొంగుతుందో నాకు పందొమ్మిదేళ్లు నిండేవరకు తెలియదు.

మూడేండ్ల క్రిందట అబ్బాకు ఆయాసం ముదిరింది. రాత్రులు కూర్చుండి తెల్లవార్చేవారు. ఏళ్ల తరబడి పీల్చిన పిండిధూళి వలన వచ్చిన ఉబ్బసమని వైద్యులు చెప్పారు. ఇది క్రొత్త జబ్బు కాదు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700 సంవత్సరంలో, వృత్తుల వలన వచ్చే వ్యాధులను గురించి వ్రాసిన గ్రంథంలోనే రొట్టెలు చేసేవారి దగ్గును, ఆయాసమును పేర్కొన్నాడు. మూడువందల ఏళ్లకు పైగా తెలిసిన సంగతి మా అబ్బా పనిచేసిన చోట ఎవ్వరికీ తెలియలేదు. మూతికి కట్టుకొనే గుడ్డ కూడా ఆయనే ఇంటినుండి తీసుకొని వెళ్లేవారు. పని మానిన నెలలో సగం జీతం చేతిలో పెట్టి పంపివేశారు. ఆ భట్టీ పేరు నేను వ్రాయను. వ్రాయవద్దని అబ్బా మాట.

అటు తరువాత ఆయన వాకిట్లో మంచం వేసుకొని, రోజంతా దారిని చూస్తూ ఉండేవారు. మాటలు తగ్గిపోయాయి.

ఇలా ఉండగా ఒకనాడు ఒక సహాధ్యాయిని ఇంట వెల్లుల్లి, కొత్తిమీర, వెన్న పూసిన చిన్న బన్నురొట్టెలు తిన్నాను. ఇంటిలోనే చేశారట. నాకు రోషం వచ్చింది. ఎవరి ఇంటనో అది వేడుక. మా ఇంట అది జీవనోపాధి. అయినా నాకు రాదు! మరునాడు ఆదివారం. అర్ధకిలో మైదా, ఒక చెంచా ఈస్టు, పన్నెండు వెల్లుల్లి రేకులు తెచ్చి, అమ్మీ వద్దంటున్నా వినక పని మొదలుపెట్టాను. వెల్లుల్లిని మెత్తగా నూరి పిండిలోనే కలిపాను. రెండు గంటలు చూశాను. పిండి పొంగలేదు సరిగదా, సాగిపోయి జారుముద్దగా తయారైంది. ప్రెషర్ కుక్కరులో ఉప్పు పరచి, రబ్బరు చుట్టు, విజిల్ తీసివేసి కాల్చాను. అడుగు మాడింది, పైభాగం పాలిపోయి ఉండిపోయింది.

మాడు వాసన వాకిటికి వెళ్లింది. అబ్బా లోపలికి వచ్చి, ఒక రొట్టెను విరిచి, వాసన చూచి, చాలా నెలల తరువాత నవ్వారు. "వెల్లుల్లి ఖమీరును చంపింది బేటా" అన్నారు.

ఆ మాట నిజమేనా అని మా అధ్యాపకురాలిని అడిగాను. నిజమే. వెల్లుల్లి రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు దానికి ఘాటు లేదు. నలిపినప్పుడు దానిలోని రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ పుడుతుంది. దానిని 1944లో విడదీసి గుర్తించారు. సూక్ష్మజీవులను అణచే గుణం దానికి ఉన్నది. ఖమీరు కూడా సూక్ష్మజీవియే గదా! అంతేగాక పచ్చి వెల్లుల్లిలోని గంధక పదార్థాలు గోధుమపిండి జిగిని సడలిస్తాయట. అబ్బా ఆరవ తరగతి దాటలేదు. ఈ పేర్లు ఆయనకు తెలియవు. ఏమి చేయాలో మాత్రం తెలుసు: వెల్లుల్లిని వెన్నలో దోరగా వేయించాలి; పిండిలో కలపక పైన పూయాలి.

నేర్పమని అడిగాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడవనాడు, "పిండి జల్లించేటప్పుడు నేను దగ్గర ఉండలేను" అన్నారు. అంటే ఒప్పుకొన్నట్లే.

అప్పుడు మాకు ఒక ఏర్పాటు కుదిరింది. మైదా జల్లించడం, కొలవడం నేను డాబా మీద తలుపు మూసుకొని చేస్తాను. అబ్బా వాకిట్లో ఉంటారు. నీళ్లు పోసి, పొడి కనపడకుండా ముద్ద చేసిన తరువాత క్రిందికి తెచ్చి ఆయనను పిలుస్తాను. తడిసిన పిండి ఎగరదు. అప్పుడు ఆయన వచ్చి పీటపై కూర్చుంటారు. ముద్ద బల్లకు అంటుకొంటే వేరొకరు పొడి మైదా చల్లుతారు. మేము చేతులకు నూనె రాసుకొంటాము.

కొలతలు నేను వ్రాసుకొన్నాను: అర్ధకిలో పిండికి మూడువందల మిల్లీలీటర్ల నీరు, రెండు చెంచాల ఉప్పు, ఒక చెంచా చక్కెర. కాలం సంగతి మాత్రం వ్రాసుకోవడానికి వీలు పడలేదు. "ఎంతసేపు?" అంటే ఆయన గడియారం చూడరు. మే నెలలో ముప్పావుగంటకే పొంగే ముద్ద డిసెంబరులో మూడు గంటలు తీసుకొంటుంది. వ్రేలితో నొక్కితే గుంట మెల్లగా, సగం మాత్రమే పూడుకోవాలి. వెంటనే పూడితే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైనట్లు. ఈ 'మెల్లగా' అనేది ఎంతో ఆయన వ్రేలికి తెలుసు. నా వ్రేలికి తెలియడానికి అయిదు ఆదివారాలు పట్టింది.

ముద్దను పన్నెండు భాగాలు చేసేటప్పుడు తక్కెడ వాడరు. నేను నమ్మక, ప్రక్కనున్న కిరాణా దుకాణంలో తూచి చూశాను. ఒక్కొక్కటి డెబ్బది గ్రాములు. హెచ్చుతగ్గులు రెండు మూడు గ్రాములకు మించలేదు. ఆ సంగతి చెబితే, "రాత్రికి రెండు వేలు చేసేవాడిని, తక్కెడ దగ్గర కూర్చుంటే తెల్లవారదా?" అన్నారు.

పిండి పొంగే సమయంలో ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. పురానీ హవేలీ దగ్గర 1851లో వెలసిన నాన్ భట్టీని గురించి, అక్కడి నాలుగు మూలల నాన్‌ను గురించి చెప్పారు. మొదటి నిజాం దక్కనుకు రాకముందు ఒక సూఫీ మహనీయుని వద్ద ఏడు కుల్చాలు తిన్నాడనీ, ఏడు తరాలు రాజ్యం చేస్తావని ఆయన దీవించాడనీ, అందుకే ఆసఫ్‌జాహీ జెండా నడుమ కుల్చా గుండ్రం వచ్చిందనీ కథ. చరిత్ర పరీక్షలో వ్రాయదగిన సాక్ష్యం దానికి లేదు. "ఆ కుల్చా కాల్చినవాని పేరు ఎక్కడా లేదు చూశావా?" అన్నారు అబ్బా. నేను జవాబు చెప్పలేకపోయాను.

కుక్కరులో ఎంత జాగ్రత్తపడినా పైభాగానికి రంగు రాలేదు. పండుగల ముందు మన ఆడవారు బిస్కట్ల పిండిని ఇంట కలిపి, రేకుల మీద పెట్టి భట్టీకి పంపడం ఈ నగరంలో ఎప్పటినుండో ఉన్నదే. అలాగే ఒక ఆదివారం మధ్యాహ్నం రేకును తువ్వాలుతో కప్పి షాపూర్‌నగర్ వైపు ఒక చిన్న భట్టీకి బయలుదేరాము. ఆ వేళ అక్కడ పిండి పని ఉండదు, ధూళి ఉండదు. అయినా అబ్బా గడప దగ్గర కాసేపు నిలబడిపోయారు. తరువాత చిటికెడు మైదా అడిగి, ముఖం ప్రక్కకు త్రిప్పుకొని, భట్టీ నేల మీద వేయించారు. అది వెంటనే నల్లబడింది. "ఇప్పుడు వద్దు" అన్నారు. పది నిమిషాల తరువాత మరొక చిటికెడు. ఈసారి మెల్లగా గోధుమరంగుకు తిరిగింది. అక్కడి పనివాడు, నా వయస్సువాడే, చూస్తూ నిలబడ్డాడు. రెండవసారి తానే వేసి చూచి, "ఉస్తాద్, ఇట్లేనా?" అని అడిగాడు.

పదునైదు నిమిషాలలో రొట్టెలు వచ్చాయి. వేయించిన వెల్లుల్లి, కొత్తిమీర, కొంచెం పుదీనా కలిపిన వెన్నను వేడి మీదనే పూశాను. రెండు ఆ పనివానికి ఇచ్చాము. అబ్బా ఒకటి విరిచి, లోపలి గూళ్లను వెలుతురుకు పట్టి చూచి, నోట పెట్టుకొన్నారు.

"ఉప్పు తక్కువ" అన్నారు. ఆ పూట రెండవ చెంచా వేయడం మరచినట్లు నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. మిగిలిన తొమ్మిదింటిని తువ్వాలులో చుట్టుకొని ఇంటికి నడిచాము. దారిలో రెండుచోట్ల ఆయన ఆగి ఊపిరి తీసుకొన్నారు. రెండవచోట ఆగినప్పుడు, ఇంకొకటి ఇమ్మని చేయి చాచారు.