బెంచి దిగాక

కోర్టు భవనం ముందు బోర్డు మీద రెండు హోదాలున్నాయి: జూనియర్ సివిల్ జడ్జి, జ్యుడీషియల్ ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు. పక్కగది తలుపు మీద మూడోది: మండల న్యాయసేవాధికార కమిటీ ఛైర్మన్. మూడు కుర్చీలూ ఒకావిడవే. కృష్ణా డెల్టాలో పాత తాలూకా కేంద్రం ఇది. ఊరి పేరూ ఆమె పేరూ రాయనన్న మాట మీదే నన్ను రానిచ్చారు. అందులో వింతేమీ లేదు. జడ్జి తరఫున తీర్పులే మాట్లాడాలని, పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1997లోనే రాసుకుంది. పెద్ద కోర్టుల వారి కోసం రాసుకున్నదాన్ని కింది కోర్టులో ఇంకా గట్టిగా పాటించడం చూశాను.

పదిన్నరకు కాల్ వర్క్ మొదలైంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తుంటే చెట్ల కింద కూర్చున్నవాళ్లు చెప్పులు వెతుక్కుంటూ పరుగెత్తుకొస్తున్నారు. చెక్కు బౌన్సులు, పేకాట, గట్టు దగ్గర అన్నదమ్ముల కొట్లాట, బైకు గుద్దిన కేసు. ఒక్కొక్కరికీ దక్కేది నిమిషమే. ఆ నిమిషం కోసం వాళ్లు వదులుకొచ్చింది ఒక రోజు కూలి. అందుకేనేమో, చంటిపిల్లల తల్లుల్నీ కర్ర పట్టుకొచ్చిన వాళ్లనీ వరసతో పనిలేకుండా ముందే పిలిపిస్తారు.

ఈ స్థాయి మేజిస్ట్రేటు మూడేళ్ల దాకా జైలు వేయగలరు. జరిమానా పరిమితి పదివేలుండేది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం దాన్ని యాభైవేలు చేసింది, దాంతోపాటు సమాజ సేవ అనే కొత్త శిక్షనూ చేతికిచ్చింది. ఆ రోజు బస్టాండులో తాగి గొడవ చేసినతను బోనెక్కాడు. నేరం ఒప్పుకున్నాడు. ఇలాంటి దానికి 24 గంటల జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, సమాజ సేవో వేయొచ్చు. "వెయ్యి కట్టేస్తానమ్మా" అన్నాడు ముందే జేబు తడుముకుంటూ. ఆమె ప్రభుత్వాసుపత్రి ఆవరణ శుభ్రం చేయమన్నారు. అతని మొహం మాడిపోయింది. జరిమానా అయితే ఇంట్లో తెలియకుండా పోయేది, ఇది ఊరంతా చూస్తుంది. ఇందులో సేవ పాలెంత, సిగ్గు పాలెంత అన్న అనుమానం నాకు తీరలేదు. కూలి ఇవ్వని, నలుగురికీ పనికొచ్చే పని అనడమే తప్ప, ఎన్ని గంటలు, ఎవరు దగ్గరుండి చూడాలి అన్నది చట్టం విడమరిచి చెప్పలేదు. ఆ బరువంతా ఈ బెంచి మీదే పడింది.

సాయంత్రం రిమాండు. దొంగతనం కేసులో పట్టుకున్న కుర్రాణ్ని పోలీసులు తీసుకొచ్చారు. వాళ్లను పక్కకు జరగమని, అతణ్ని దగ్గరకు పిలిచి అడిగారు: కొట్టారా, ఇంట్లో చెప్పారా, వకీలున్నాడా. మూడో ప్రశ్నకు కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. ఆ సంగతి వాడికి మొదట చెప్పింది మేజిస్ట్రేటే.

సబ్‌జైలు తనిఖీకి వెళ్లినప్పుడు వెనకాలే నన్నూ రానిచ్చారు. అక్కడ ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికొచ్చిన ఒకతను కనిపించాడు. బెయిలు ఎప్పుడో వచ్చింది. షూరిటీ ఇచ్చే మనిషే లేడు. పొలం పాస్‌బుక్కు పట్టుకుని ఎవరొస్తారు వాడి కోసం? బెయిలొచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని, నెలలోపు పూచీకత్తు కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే ఆలోచించాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. ఆమె రిజిస్టరు తిప్పి, కబురు వెళ్లిందా అని అడిగారు. వెళ్లలేదు. గొంతు పెంచలేదుగానీ, కాగితం రాసి పంపేదాకా కుర్చీలోంచి లేవలేదు.

వకీళ్ల ఇళ్లలో పెళ్లయినా పేరంటమైనా ఆమె వెళ్లరని బంట్రోతు చెప్పాడు. ఊళ్లో ఎవరింటా కాఫీ కూడా తాగరట. అయినా నెలకోసారైనా ఏదో ఒక పల్లెలో న్యాయ విజ్ఞాన సదస్సుకు మాత్రం తప్పకుండా వెళతారు. ఊరికి దూరంగా ఉండాల్సిన మనిషే ఊళ్లోకి వెళ్లాల్సి రావడం ఈ ఉద్యోగంలో నాకు నచ్చిన పేచీ.

ఓ శనివారం బడి వరండాలో అలాంటి సదస్సు జరిగింది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఉచిత న్యాయ సహాయం ఉందని, ఫోను చేయాల్సిన నంబరు 15100 అని చెప్పారు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అంతకుముందు కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుందని, దాని మీద అప్పీలు ఉండదని చెబుతుంటే, మగవాళ్లు అప్పీలు లేదన్న మాట దగ్గర చెవులు రిక్కించారు.

చివర్లో ఒక ముసలామె లేచింది. "మా వాడి కేసు మీ దగ్గరే ఉందమ్మా. ఎప్పటికి తేలుద్ది?"

"ఆ మాట నేనిక్కడ వినకూడదమ్మా. కోర్టులోనే వినాలి" అంటూ మేజిస్ట్రేటు ఉచిత న్యాయ సహాయం చూసే ప్యానెల్ వకీలుకు సైగ చేసి, తను అవతలి వరసలోకి వెళ్లిపోయారు. ముసలామె చెంగు విప్పి వాయిదా చీటీ తీసింది. పెట్టుకున్న వకీలు రావడం మానేసి రెండు వాయిదాలైందట.

"సోమవారం మీవాణ్నే పంపు పెద్దమ్మా" అన్నాడు ప్యానెల్ వకీలు. "దరఖాస్తు మీద సంతకం వాడిదే కావాలి."