మదనపల్లె పట్టుచీర వెనక

మదనపల్లె అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి టమోటాలు, రెండు హార్స్‌లీ కొండలు. కొండకు వెళ్ళండి, వద్దనను. కానీ నీరుగట్టువారిపల్లె చూడకుండా మాత్రం తిరిగి రాకండి. పట్టుచీరలు నేసే పేట అది.

మగ్గం మీద కూర్చున్నది మగవాళ్ళయినా, ఆడవాళ్ళయినా, ఆ పక్కనే రాట్నం ముందు కండెలు చుట్టేది మాత్రం ఇంటి ఇల్లాలే. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులండీ! పొయ్యి మీద అన్నం ఉడుకుతూంటే మధ్యలో లేచి చూసుకుంటూ చేస్తారు. "మగ్గం ఆయన పేరు మీదుంది గానీ, నేను కండెలు చుట్టకుంటే ఆ పొద్దు నేత లేదక్కా" అంది ఒకావిడ. ఒంటి మీద ఉన్నది సింథటిక్ చీర.

చీర కొనేటప్పుడు ఒక పోగు అడిగి కాల్చి చూడండి. అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడవుతుంది. ముద్ద కట్టిందంటే పట్టు కాదు.

ఈ ఊళ్ళోనే ఇంకో ముచ్చట ఉంది. 1915లో అనీబిసెంట్ ప్రారంభించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రనాథ్ టాగూరు వచ్చారు. 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడే. దాని బాణీకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆవిడ. ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడి జైలుకు కూడా వెళ్ళింది. ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. బెంగాలీ ఇళ్ళలో లోపల లంగా, పైన రవిక వేసి, పైట ఎడమ భుజం మీదకు తీసుకుని చీరకట్టే పద్ధతిని అలవాటు చేసింది టాగూరు వదినగారు జ్ఞానదానందినీదేవి. ఇల్లు దాటి నలుగురిలోకి రావాలంటే అందుకు తగ్గ కట్టు కావాలనుకుంది.

పుంగనూరులో మూడడుగులైనా లేని ఆవులను చూసి, పలమనేరు మీదుగా కుప్పం చేరాం. ఆ పల్లెల్లో ఎండాకాలం భారతం ఆడతారు. పూర్వం ద్రౌపది వేషం మగవాళ్ళే కట్టేవాళ్ళు. దుర్యోధనుడు పడ్డాక విరబోసిన జుట్టు ముడిచే ఆ ఘట్టానికి ఆడవాళ్ళంతా చేతులు జోడిస్తారు. తరవాత తరవాత ఆడవాళ్ళే రంగమెక్కి వేషాలు కడుతున్నారు. నాకైతే అదే బాగనిపించింది.

కుప్పం వైపు మల్బరీ తోటలు. పురుగు పిల్లయినప్పటి నుంచి గూడు కట్టేదాకా దగ్గర దగ్గర నాలుగు వారాలు. ఆకు కోసి మేత వేసేది, చివరి రోజుల్లో రాత్రుళ్ళు లేచి చూసేది ఎక్కువగా ఆడవాళ్ళే. గూళ్ళు అమ్మిన డబ్బు మాత్రం చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ జేబులోకే పోయేది. డ్వాక్రా సంఘాలొచ్చాక బ్యాంకు పుస్తకం మీద ఆడవాళ్ళ పేరు కనబడింది.

1997లో వచ్చిన ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే. పుస్తకాలు పట్టుకుని చుడీదార్లలో గబగబా నడిచే పిల్లలను చూశాం. స్టేషన్లో బెంగళూరు బండి కోసం నిలబడ్డ ఆడవాళ్ళలోనూ చాలామందివి చుడీదార్లే. పట్టుచీర ఎప్పుడు కడతావని ఒక అమ్మాయిని అడిగితే, "పెళ్ళికి ఆంటీ, అదీ నా జీతంతోనే కొంటా" అని బండెక్కేసింది.