నది ఒక్కటే, తీరాలు రెండు

ముప్పయ్యేళ్ళపాటు ఉన్నత పాఠశాలలో చరిత్ర, భూగోళం బోధించినవాణ్ణి. దేశపటంలో కాశ్మీరు చూపించవలసి వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పిల్లవాడు లేచి, “మాస్టారూ, పటంలో ఉన్న నేలంతా మన చేతిలోనే ఉన్నదా?” అని అడిగేవాడు. “న్యాయంగా మనదే. కొంత భాగం పాకిస్తాను ఆక్రమణలోనూ, కొంత చైనా చేతిలోనూ ఉన్నది” అని చెప్పేవాణ్ణి. అది సరైన సమాధానమే. అయితే ఆ భాగాల నడుమ సాగిన గీత పక్కన మనుషులు ఎలా బ్రతుకుతున్నారన్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట, 2022లో, ఆ గీతను కళ్ళారా చూసే అవకాశం నాకు లభించింది.

ఆ గీత చరిత్ర మూడు ముక్కల్లో చెప్పవచ్చును. 1947 అక్టోబరు 26న మహారాజా హరిసింగ్ భారతదేశంలో విలీనపత్రం మీద సంతకం చేసేనాటికే గిరిజన దళాలు లోయలో ప్రవేశించాయి. ఆనాడు మొదలైన యుద్ధం 1949 జనవరి 1న ఆగింది. సైన్యాలు నిలిచిన చోటునే ఆ జూలైలో కరాచీలో కాల్పుల విరమణ రేఖగా గుర్తించారు. 1971 యుద్ధం తరువాత, 1972 జూలై 2 నాటి సిమ్లా ఒడంబడికను అనుసరించి అదే కొద్ది మార్పులతో ఆధీన రేఖ అయింది. సుమారు 740 కిలోమీటర్లు. సైన్యాలు నిలిచిన చోటు గనుక అది గ్రామం ఎక్కడ ముగిసిందో, పొలం ఎవరిదో, ఆడపడుచును ఏ ఊరికి ఇచ్చారో విచారించలేదు.

నేను చూసిన ఊరు కేరన్. కుప్వారా నుండి ఫర్కియాన్ కనుమ ఎక్కి దిగితే కిషన్‌గంగ ఒడ్డున ఉంటుంది. అక్కడ నదే ఆధీన రేఖ. అవతలివారు ఆ నదిని నీలం అంటారు. 2021 ఫిబ్రవరిలో ఇరుదేశాల సైనికాధికారులు కాల్పుల విరమణను పాటించాలని మరల నిశ్చయించుకున్న తరువాతనే ఆ ఊరికి యాత్రికుల రాక పెరిగింది. మన డెల్టాలోని పెద్ద పంటకాలువకంటె ఆ నది ఎంతో వెడల్పు కాదు. ఆవలి ఒడ్డున బట్టలు ఆరవేసే స్త్రీ, గోళీలాడే పిల్లలు స్పష్టంగా కనిపిస్తారు. వాళ్ళ గడియారం మాత్రం మనకంటె అరగంట వెనుక నడుస్తుంది. ఒకే సూర్యుడు ఒకే కొండ వెనుక అస్తమిస్తుండగా రెండు ఒడ్డుల మీద రెండు వేళలు!

మేము బస చేసిన ఇంటి యజమాని డెబ్బయ్యేళ్ళ వృద్ధుడు. తమ్ముడు 1990లో, తుపాకుల మోత ఎక్కువైన రోజుల్లో, భార్యాబిడ్డలతో నది దాటి అవతలికి పోయాడట. అలా పోయిన కుటుంబాలు ఆ ప్రాంతంలో అనేకం.

“కనిపిస్తాడా?” అని అడిగాను.

“పండుగనాడు ఒడ్డుకు వస్తాడు, మాస్టర్‌జీ. నేను చెయ్యి ఊపుతాను, వాడూ ఊపుతాడు. నది హోరులో మాట వినబడదు. అమ్మ పోయిన రోజున శవాన్ని ఒడ్డుకు మోసుకువెళ్ళి కాసేపు ఉంచాము. వాడు అవతల నిలబడి చూశాడు. తరువాత మేము ఖనన స్థలానికి వెళ్ళిపోయాము.”

ఆయన ఎవరినీ నిందించలేదు. నేనూ మరి ప్రశ్నించలేదు.

ఇంతటి దుఃఖం చక్కబడటానికి మార్గమే లేదా అంటే, ఉన్నదని చరిత్ర ఒకసారి చూపించింది. 2003 ఏప్రిల్‌లో ప్రధాని వాజపేయి శ్రీనగరు సభలో స్నేహహస్తం చాచారు. ఆ నవంబరు 26 నుండి ఆధీన రేఖ మీద కాల్పులు ఆగాయి. 2005 ఏప్రిల్ 7న శ్రీనగరు నుండి ముజఫరాబాదుకు బస్సు బయలుదేరింది. ముందురోజే ఉగ్రవాదులు ఆ ప్రయాణికులు బస చేసిన భవనం మీద దాడి చేశారు. అయినా మరునాడు ప్రయాణికులు బస్సెక్కి, కమాన్ వంతెనను కాలినడకన దాటారు. పాస్‌పోర్టు అడిగితే ఆ గీతను సరిహద్దుగా అంగీకరించినట్లవుతుందని ఇరుపక్షాలకూ సంకోచం; అందుచేత అనుమతి పత్రాలతో సరిపెట్టారు. ఎవరి వాదం వారు వదలకుండానే తల్లులను బిడ్డల దగ్గరకు చేర్చే ఉపాయం అది. అదే అక్టోబరు 8న భూకంపం వచ్చి రెండు వైపులా గ్రామాలు నేలమట్టమైనప్పుడు, సహాయం కోసం ఆధీన రేఖను అయిదు చోట్ల తెరవటానికి ఒప్పుకున్నారు.

2008 అక్టోబరు 21న వర్తకం మొదలైంది. 21 రకాల సరకులు. సుంకం లేదు, నగదు లేదు. సరకుకు సరకు ఇచ్చే పాతకాలపు వస్తు మార్పిడి.

ఈ ఏర్పాట్లు నిలవలేదు. 2008 నవంబరులో ముంబయి మారణకాండ, 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది జవాన్ల మరణం విశ్వాసాన్ని దెబ్బతీశాయి. 2019లో వర్తకమూ బస్సూ రెండూ ఆగిపోయాయి. ఆ ఆగస్టు 5న 370వ అధికరణం కల్పించిన ప్రత్యేక ప్రతిపత్తి రద్దయి, రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విడిపోయింది. 2023 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. 2024లో, పదేళ్ళ తరువాత, జమ్మూ కాశ్మీరు ప్రజలు శాసనసభ ఎన్నికలలో బారులు తీరి ఓటు వేశారు. ఆ నిర్ణయాన్ని మెచ్చినవారూ, దానివల్ల గాయపడినవారూ ఒకే వరుసలో నిలబడ్డారు.

లోయలో చెల్లించవలసిన బాకీలు ఇంకా ఉన్నాయి. 1990లో ప్రాణభయంతో ఇళ్ళకు తాళాలు వేసి జమ్మూకూ ఢిల్లీకీ తరలిన కాశ్మీరీ పండితులు, ఆ సంక్షోభంలో అదృశ్యమైన కొడుకుల కోసం తలుపు తెరచి కూర్చున్న తల్లులు – వీరిలో ఒకరి దుఃఖాన్ని చూపి మరొకరి దుఃఖాన్ని కొట్టివేసే వాదాలు నేను చాలా విన్నాను. అవి ఎవరినీ ఇంటికి చేర్చలేదు.

2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ సమీపంలోని పచ్చిక బయలులో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. హతులలో మన ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారూ ఉన్నారు. యాత్రికులను కాపాడబోయి ప్రాణం ఇచ్చిన స్థానిక గుర్రపు రౌతు ఉన్నాడు. మరునాడు లోయ అంతటా దుకాణాలు మూతబడ్డాయి. ఈసారి బంద్ ఉగ్రవాదులకు వ్యతిరేకంగా జరిగింది. మే 7న మన సేనలు ప్రతిదాడి ప్రారంభించాయి. నాలుగు రోజులు గుండ్ల వర్షం కురిసింది. పూంఛ్‌లో పసిపిల్లలతో సహా పదిమందికి పైగా పౌరులు మరణించారు. రాయలసీమకు చెందిన ఒక యువసైనికుడు ఆధీన రేఖ వద్ద వీరమరణం పొందాడు. మే 10న సైనికాధికారులు టెలిఫోనులో మాట్లాడుకున్న పిదప కాల్పులు ఆగాయి.

ఆ నాలుగు రోజులూ నేను కేరన్‌కు ఫోను చేస్తూనే ఉన్నాను. అయిదోనాడు వృద్ధుని కుమారుడు పలికాడు. అందరూ బంకరులో తలదాచుకున్నారట, ఇల్లు నిలిచిందట. “నాన్న బయటికి రాగానే ఒడ్డుకు వెళ్ళాడు, అవతల బాబాయి ఇల్లు ఉన్నదో లేదో చూడటానికి. ఉన్నది” అన్నాడు.

ఇంత జరిగిన తరువాత శాంతిని గురించి మాట్లాడటం అమాయకత్వమని నా మిత్రులు కొందరు అంటారు. వారితో నేను ఒక విషయం మనవి చేస్తూ ఉంటాను. ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుండి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి జనవరిలోనూ ఇచ్చిపుచ్చుకున్నాయి, పుల్వామా తరువాతి జనవరిలోనూ ఇచ్చిపుచ్చుకున్నాయి. ప్రేమతో కాదు, నమ్మకంతో అంతకన్నా కాదు. అది ఉభయులకూ అవసరం గనుక. దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. 1960 నాటి సింధు జలాల ఒడంబడిక మూడు యుద్ధాలకు తట్టుకున్నది, కాని పహల్‌గామ్ తరువాత భారతదేశం దానిని నిలిపివేసింది. అంటే ఏ ఏర్పాటూ దానంతట అది బ్రతకదు. నిరాయుధులను కాల్చే చేతులను అడ్డుకోనిదే ఏ వంతెనా నిలవదు. ఆ చేతులను ఆపవలసిన ప్రథమ బాధ్యత వాటికి ఆశ్రయమిచ్చినవారిది.

శాంతి అంటే ఏదో ఒక శుభదినాన ఇద్దరు నాయకులు కరచాలనం చేయటమని మనం ఊహించుకుంటాము. కేరన్‌లో నేను విన్న కోరిక అంతకంటె చాలా చిన్నది. గుండు పడుతుందన్న భయం లేకుండా మొక్కజొన్న కోసుకోవాలి. బడి ఏడాది పొడవునా నడవాలి. ఆగిపోయిన బస్సు మళ్ళీ కదలాలి. పండితుని ఇంటి తాళం తుప్పు వదలాలి. పటంలో గీత ఎక్కడ ఉండాలన్న వివాదం తేలటానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అది తేలేదాకా అన్నదమ్ములు నది ఒడ్డున నిలబడి చేతులు ఊపుతూ ఉండనక్కరలేదని మాత్రం 2005లో ఒకసారి రుజువైంది. ఒకసారి జరిగినదానిని మళ్ళీ కోరటం దురాశ కాదు.