కీలుకు కదలికే కూడు

ఏం వదినా, పొద్దున్నుంచి ఆ అరుగు దిగలేదు? మోకాళ్ళు మళ్ళా పట్టేసినాయా? కదిలిస్తే అరిగిపోతాయని, రెండు నెలలు మూల కూర్చుంటే అవే సర్దుకుంటాయని ఎవరు చెప్పినారు నీకు? ఆ మాట నమ్మద్దు. ఇట్ల గోడ కాడికి రా. బడిలో పిల్లోళ్ళకు సైన్సు చెప్పినదాన్ని, పక్కింట్లో ఉండి నీకు చెప్పకపోతే ఎట్ల?

మోకాలంటే తొడ ఎముక, కాలి ఎముక, ముందర చిప్ప. ఆ ఎముకల కొసలకు నున్నగా ఒక పొర అంటుకొని ఉంటాది. మృదులాస్థి అంటారు. దాంట్లో రక్తనాళం ఒక్కటి కూడా లేదు. ఒంట్లో అన్నిటికీ రక్తం కూడు మోసుకొచ్చి పెడతాది, దీనికి మాత్రం పెట్టదు. మరి ఎట్ల బతుకుతాది? కీలు చుట్టూ ఒక సంచి ఉంటాది, దాంట్లో కొంచెం జిగట నీరు. అడుగేస్తే బరువు పడి పొరలోని నీరు బయటికొస్తాది, కాలెత్తితే మళ్ళా లోపలికి పీల్చుకుంటాది. తడి గుడ్డను పిండి మళ్ళా తొట్టిలో వదిలినట్టు. ఆ పీల్చుకునే నీళ్ళలోనే దాని కూడు ఉంది. నువ్వు కూర్చుండిపోతే దాన్ని పస్తు పెట్టినట్టే కదా వదినా.

ఇంకోటి విను. కాలు పూర్తిగా చాపి నిలబడితే, చివరాఖర్లో తొడ ఎముక రవ్వంత లోపలికి తిరిగి బిగుసుకుంటాది. అందుకే రేషన్ షాపు కాడ అంతసేపు నిలబడినా తొడ కండ మీద భారం తక్కువ పడతాది. మళ్ళా వంచాలంటే మోకాలి వెనక ఉండే ఒక చిన్న కండ ఆ బిగువు విప్పాల. మడతబందు కీలు అని పుస్తకంలో ఒక్క మాటలో రాస్తారు గానీ, ఉత్త మడతే కాదు, తిరుగుడు కూడా ఉంది దాంట్లో. నాకు ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యమే.

మోకాలొక్కటే కాదు. జొన్నరొట్టె తట్టేటప్పుడు నీ చెయ్యి చూసుకున్నావా? మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి జారతాయి. రొట్టెను తిరగేసేటప్పుడు ముందరి చేతిలోని రెండెముకల్లో ఒకటి రెండోదాని చుట్టూ తిరుగుతాది. భుజానిది బంతిగిన్నె కీలు. బంతి పెద్దది, గిన్నె లోతు లేదు. అందుకే చెయ్యి ఏ పక్కకైనా తిరుగుతాది, అందుకే సులువుగా జారిపోతాది కూడా. తుంటిదీ అదే రకం, గిన్నె లోతు కాబట్టి గట్టిది. నువ్వు 'ఊ' అని తలూపితే పుర్రెకూ మెడలోని మొదటి ఎముకకూ నడుమ కదులుతాది. 'ఊహూ' అని అడ్డంగా తిప్పితే మొదటి, రెండో ఎముకల నడుమ.

మగ్గం నేసే అన్న సంగతి కూడా చెప్పాల. నాకు అసలు దిగులు ఆయన గురించే. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సొసైటీ పెట్టిన ఊరు మన ఎమ్మిగనూరు. గుంట మగ్గం మీద బతికిన కుటుంబాలు ఎన్నో. గుంట గట్టున కూర్చుంటే కాళ్ళు కింద తొక్కుతాయి, ఒక చెయ్యి తాడు లాగితే నాడె ఉరుకుతాది, రెండో చెయ్యి పేకను గుద్దుతాది. చీలమండ, మోచెయ్యి, భుజం పొద్దంతా కదిలేవే. నడుము, తుంటి, మెడ మాత్రం వంగిన కాడనే ఉండిపోతాయి. తెగిన పోగు ముడేసేటప్పుడు బొటనవేలి మొదట్లోని కీలు ఎంత పని చేస్తాదో! నేతగాని ఒంట్లో కొన్ని కీళ్ళకు విరామం లేదు, కొన్నిటికి కదలికే లేదు. రెండూ చెరుపే. మన చీరల నాణ్యం గురించి మాట్లాడేవాళ్ళు నేసేవాని నడుము గురించి కూడా మాట్లాడాల.

అట్లని రేపే ఆదోని పోయి రణమండల కొండెక్కమనడం లేదు. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి మెట్లు దిగేటప్పుడు చానా ఎక్కువ. చదునైన తావులో నడువు, ఆగు, మళ్ళా నడువు. కుర్చీలో కూర్చొని ఒక్కో కాలు నిదానంగా ముందుకు చాపి, కొంచెంసేపు నిలిపి దించు. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతాది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతాదని లెక్క కట్టినారు. వేళ్ళు విరిస్తే టప్‌మనేది ఆ జిగట నీళ్ళలో పుట్టే గాలి బుడగ వల్ల, దానికి భయపడద్దు.

కీలు వాచి వేడిగా ఉన్నా, పొద్దున లేస్తానే గంటసేపు వేళ్ళు బిగుసుకొని ఉన్నా, జ్వరం తోడైనా ఇంట్లో తైలం రాసుకుంటా కూర్చోవద్దు. డాక్టరు కాడికి పోవాల్సిందే. అది అరుగుడు కాకపోవచ్చు.

నీళ్ళ సంగతి కూడా మరువద్దు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువుంటే ఏండ్ల తరబడి తాగిన మనిషికి మెడ, వెన్ను, కీళ్ళు బిగుసుకుపోతాయి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించినారు. నల్లగొండ పల్లెల కష్టం అందరికీ తెలిసిందే. రాయలసీమ బోర్లలోనూ చానా చోట్ల ఈ బెడద ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగేదానికి పనికిరావు. కాగబెడితే ఫ్లోరైడు పోదు. కృష్ణగిరిలో మా పుట్టింటోళ్ళకు కూడా ఇదే చెప్పినా: బోరు నీళ్ళు తాగేటోళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోండి అని.

సరే వదినా, పొయ్యి మీద పప్పు ఉడుకుతాంది, పోతా. నువ్వు ఆ వీధి చివరిదాకా నడిచి రా. అన్నను కూడా గంటకోసారి గుంటలో నుంచి లేపు, నడుము చాపి నాలుగడుగులు వేసినాకనే మళ్ళా మగ్గం మీద కూర్చోమను.